రెండు పెద్దాపరేషన్ల తర్వాత మూడోది నార్మల్‌కి ట్రై చేయొచ్చా? (కావలి సైడు)

కావలి కోడలు:
అక్కలూ, నాకు ఏడో నెల నడస్తా ఉంది, మూడో కాన్పు. మొదట పాప, ఎదురుకాళ్లతో ఉందని పెద్దాపరేషన్ చేశారు. రెండోది బాబు, వాడప్పుడు నొప్పులు కూడా రానియ్యలా, ఒకసారి కోసినాక మళ్లీ కొయ్యాల్సిందే అని నెలలు నిండంగానే డేటు ఇచ్చేశారు, మా అత్త పొయ్యి అయ్యగారి దగ్గర ముహూర్తం కూడా పెట్టించుకోనొచ్చింది. వాడికి ఇప్పుడు నాలుగేళ్లు. ఆ ఆపరేషన్ తర్వాత దగ్గొస్తే దిండు పొట్టకి అదుముకోని దగ్గేదాన్ని, మంచం దిగాలంటే మా ఆయన చెయ్యి ఉండాల్సిందే. ఈసారి ఇద్దరు పిల్లల్ని పెట్టుకోని మళ్లీ అదంతా అంటే గుండె దడదడ. ఈడ డాక్టరమ్మని అడిగితే ఫైలు కూడా తెరవకుండా "రెండు సిజేరియన్లు అయినాక నార్మలా, ఎవురు చెప్పారమ్మా నీకు" అనింది. ఇంట్లోవాళ్లేమో ఎట్టాగూ పిల్లల ఆపరేషన్ చేయించుకోవాలి కదా, పొట్ట కోసినప్పుడే రెండూ అయిపోతాయి అంటుండారు. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఎవరన్నా ట్రై చేశారా? నిజంగా అంత డేంజరా?

ఒంగోలు అమ్మాయి:
నాది ఒక్క ఆపరేషన్ తర్వాత నార్మల్ అయింది, రెండు కాదు, అది ముందే చెప్తున్నా. నొప్పులు మొదలవంగానే అడ్మిట్ చేసుకున్నారు, పొట్టకి బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు మిషన్ మీద రాత్రంతా చూస్తానే ఉన్నారు, కాస్త తగ్గినట్టు అనిపిస్తే చాలు సిస్టర్ పరిగెత్తుకోని వచ్చేది. నన్ను పస్తు పెట్టారు, రక్తం రెడీగా ఉంచుకున్నారు, మత్తు డాక్టర్ ఆస్పత్రిలోనే పడుకున్నాడు. అట్టా చూసుకునేవాళ్లు దొరికితే ట్రై చెయ్యి, లేకపోతే వద్దు. మర్నాడు నేనే లేచి బాత్రూమ్‌కి పోయినా, అదొక్కటి చాలు నాకు.

లేబర్ రూమ్ సిస్టర్:
అమ్మాయ్, కుదరనే కుదరదు అనేది కరెక్ట్ కాదు. ఇంగ్లండ్, అమెరికా డాక్టర్ల సంఘాల గైడ్‌లైన్స్‌లో రెండు సిజేరియన్లు అయినవాళ్లకి కూడా చూసి ట్రై చేయొచ్చనే ఉంది, కాకపోతే పెద్ద డాక్టర్ కూర్చోబెట్టి అన్నీ మాట్లాడినాక. అసలు భయం పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లడం. ఒక్క ఆపరేషన్ అయినవాళ్లలో సుమారు 200 మందిలో ఒకరికి అవుతుంది, రెండు అయినవాళ్లలో 100కి ఒకరి కన్నా కొంచెం ఎక్కువ. తక్కువే కదా అనిపిస్తుంది, కానీ అయిందంటే నిమిషాల్లో బిడ్డని బయటికి తీయాల, లేకపోతే బిడ్డ దక్కదు, తల్లికి గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. నార్మల్ అయ్యే ఛాన్స్ రెండు ఆపరేషన్ల వాళ్లలో నూటికి 70 దాకా చెప్తారు, అందులో ఇంతకుముందు ఒక్క నార్మల్ అన్నా అయినవాళ్లు కూడా ఉన్నారు, నీకు అది లేదు కాబట్టి కాస్త తగ్గించుకోనే లెక్కేసుకో. నీకు ప్లస్ ఏందంటే మొదటిది ఎదురుకాళ్లని చేశారు, దోవ ఇరుకని కాదు, పైగా నాలుగేళ్ల గ్యాప్ ఉంది.

ముందు డిశ్చార్జ్ సమ్మరీలు వెతుకు. పొట్ట మీద గీత అడ్డంగా ఉంది కదా అని లోపల కూడా అట్టే కోశారనుకోకు, గర్భసంచిని నిలువుగా కోసుంటే ఇంక ఈ మాటే ఎత్తకూడదు. అట్టే ఈసారి స్కాన్‌లో మాయ యాడుందో చూడమను. మాయ కిందకి వచ్చి పాత కుట్టు మీద కూర్చుందంటే నార్మల్ సంగతి పక్కన పెట్టు, రెండు ఆపరేషన్లు అయినవాళ్లలో అట్టా ఉంటే నూటికి 40 మంది దాకా మాయ గర్భసంచికి అతుక్కుపోయి ఉంటుంది, అప్పుడు రక్తం బాగా దొరికే పెద్దాస్పత్రిలోనే కాన్పు జరగాల. ఇంకోటి, నొప్పులు రావడానికి మాత్రలు పెడతామంటే ఒప్పుకోవద్దు, మిసోప్రోస్టాల్ పాత కుట్టు ఉన్నవాళ్లకి పెట్టకూడదు.

పిల్లల ఆపరేషన్‌కి పొట్టంతా కొయ్యక్కర్లా తల్లీ, నార్మల్ అయినా వారం లోపల బొడ్డు కింద చిన్న గాటుతో చేసేస్తారు. మీ అత్తకి ఈ ముక్క చెప్పు ముందు.

పొదిలి అక్క:
నాకు మూడూ ఆపరేషన్లే, నేను బాగానే ఉన్నా. నార్మల్ అంటే ఏదో మెడల్ అన్నట్టు మాట్లాడతారు కొందరు, నాకు నచ్చదు. ప్లాన్ చేసుకోని పగటిపూట పోతే అన్నీ సిద్ధంగా ఉంటాయి. కాకపోతే నిజం చెప్పాలి కదా, మూడోసారి లోపల అంతా అతుక్కుపోయి మూత్రాశయం పక్కకి తీయడానికే చాలాసేపు పట్టిందన్నారు, లోపల ఏం జరగతా ఉందో తెలీక మా ఆయన బయట చెమటలు కక్కాడు. నాలుగోది అయితే నేను ఒప్పుకోను. నువ్వు ట్రై చేసినా సగంలో ఆగిపోయి ఎమర్జెన్సీగా కోయడం అన్నిటికన్నా కష్టం, అది కూడా మనసులో పెట్టుకో.

కావలి కోడలు:
సిస్టరమ్మా చాలా థ్యాంక్స్. బీరువాలో చీరల కింద ప్లాస్టిక్ కవర్లో మొదటిది దొరికింది, ఎల్‌ఎస్‌సీఎస్ అని రాసుంది, పక్కనే బ్రీచ్ అని కూడా, అంటే ఎదురుకాళ్లే. రెండోదాని కాగితం మాత్రం ఇంట్లో ఎవరికీ తెలీదు. ఐదో నెల స్కాన్‌లో మాయ పైనే ఉంది అని ఉంది. నొప్పులొస్తే ఇంట్లోనే కాసేపు ఓర్చుకోని అప్పుడు నెల్లూరు బయల్దేరితే సరిపోద్దా, గంటే కదా హైవే మీద?

లేబర్ రూమ్ సిస్టర్:
ఎల్‌ఎస్‌సీఎస్ అంటే గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోసింది, మంచిదే. రెండోది చేసిన ఆస్పత్రికి పొయ్యి రికార్డులో ఆపరేషన్ నోట్ కాపీ అడుగు, మీ ఆయన్ని పంపితే నీ సంతకంతో లెటర్ ఇచ్చి పంపు. ఇంట్లో ఓర్చుకోడం మాత్రం వద్దే వద్దు. గంట అంటుండావు, మధ్యలో కుట్టు చిట్లితే ఆ గంట ఎవరి చేతిలోనూ ఉండదు. తొమ్మిదో నెల పడంగానే నెల్లూరులో చుట్టాలింట్లో దిగు, నొప్పి మొదలవంగానే ఆస్పత్రికి పో. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా కుట్టు దగ్గర పొడుస్తా ఉన్నా, ఎర్రగా రక్తం పడినా 108కి ఫోన్ చెయ్యి, ఎవురికోసం చూడొద్దు. పెద్ద డాక్టర్‌ని కలిసినప్పుడు ఒకటే అడుగు: రాత్రి రెండింటికి నాకు ఆపరేషన్ కావాలంటే మీ దగ్గర థియేటర్, మత్తు డాక్టర్, రక్తం అన్నీ ఉంటాయా అని. ఫోన్ చేస్తే వస్తారు అన్నారంటే అక్కడ ట్రై చేయొద్దు, డేటు తీసుకోని ఆపరేషనే చేయించుకో.