కార్తిక వనభోజనాలకు ఎవరింటి నుంచి ఏ వంట?

ప్రశ్న: ఈ కార్తికంలో మా వీధిలోని 20 ఇళ్లవారం ఉసిరిచెట్టు కింద వనభోజనాలు చేసుకోవాలని, వంటవాళ్లను పెట్టకుండా ఇంటికొక వంటకం తెచ్చుకోవాలని అనుకున్నాం. నిరుడు 7 గిన్నెల పులిహోర వచ్చింది; కూర మాత్రం ఒక్కటే రావడంతో పిల్లలు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. ఈసారి వంటకాలను ఎలా పంచాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు: ఎవరి చేతివంట దేనికి పేరుపడిందో ఆ ఇంటికి అదే అప్పగించి, పేర్లు ముందుగా రాసుకోండి. అన్నం, పప్పు అక్కడే పొయ్యి పెట్టి వండితే వేడిగా వడ్డించవచ్చు. కిలో బియ్యం సుమారు పదిమందికి వస్తుంది. పులిహోర, గోంగూర పచ్చడి పులుపు వల్ల పొద్దున చేసినా నిలుస్తాయి గాని, కొబ్బరి పచ్చడి త్వరగా పాడవుతుంది కనుక దాన్ని బయలుదేరే ముందే రుబ్బుకోవాలి.

జవాబు: సోమవారం మాత్రం పెట్టుకోకండి, చాలామంది ఆ రోజు నక్షత్రాలు కనిపించేదాకా ఉపవాసం ఉంటారు. ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్లవారు ఉంటారు కనుక వారికి వేరే గరిటెలు ఉంచడం మర్యాద. మా గోదావరి వైపు పనసపొట్టు కూర లేని వనభోజనం వెలితిగానే ఉంటుంది. ఆవముద్దను మాత్రం కూర దించి, వేడి తగ్గాకే కలపమనండి, లేకపోతే చేదెక్కుతుంది.

ప్రశ్న వేసినవారు: ఆదివారమే ఖాయం చేశాం. పనసపొట్టు బాధ్యత మా అత్తగారు తీసుకున్నారు.