శ్రీగంధం పూసినా కాయ నిలవడం లేదు: పక్క మామిడి తోట మందే కారణమా?

గంధం_బంగారుపాళ్యం: మా శ్రీగంధం మార్చిలో కొమ్మకొమ్మకూ పూసింది. ఇప్పుడు చూస్తే ఎక్కడో ఒక కాయ. పక్కన మామిడి తోట. తేనెమంచు పురుగుకని ఇమిడాక్లోప్రిడ్ కొడతానే ఉంటారు, గట్టు కింద తేనెటీగలు చచ్చి పడుంటాయి. మామిడి రైతులు దీనికేం సమాధానం చెప్తారు?

పాకాల_మామిడి: అన్నా, మా మందు డిసెంబరు, జనవరి. మీ పూత మార్చిలో. లెక్క ఎక్కడ కుదిరింది?

గంధం_బంగారుపాళ్యం: గంధం ఏడాదికి రెండుసార్లు పూస్తుంది. మార్చి నుంచి మే దాకా ఒకటి, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇంకొకటి. డిసెంబరులో చచ్చిన ఈగ మార్చికి లేచొస్తుందా?

తిరుపతి_శేషు: గంధం పువ్వుకు వాసనే ఉండదు కదా. ఈగలెందుకొస్తాయి? గాలికే కాయ కడుతుంది.

అడవిబాట: శేషు గారూ, వాసన ఉండేది చేవలో, అంటే మాను లోపలి ముదురు కర్రలో. పువ్వులో తేనె ఉంటుంది, అది చాలు. విచ్చినప్పుడు గడ్డిరంగు, తర్వాత ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఎండెక్కాక కొమ్మ దగ్గర నిలబడండి, చిన్న తేనెటీగలు, మామూలు ఈగలు, చీమలు అన్నీ కనిపిస్తాయి. సొంత పుప్పొడితో ఈ చెట్టుకు కాయ సరిగా పట్టదు, పక్క చెట్టుది రావాలి. మోసేది పురుగే. ఇంకో మాట, మామిడి పూతకూ ఈగలే కావాలి. పూత విచ్చినాక మందు కొడితే నష్టం ఇద్దరికీ.

తిరుపతి_శేషు: వాసన లేని పువ్వు మీద ఈగ వాలదు. అంతే.

పుత్తూరు_చిన్నోడు: శేషన్న వదలడు 😀

పాకాల_మామిడి: మందు కొట్టకపోతే పూతంతా మసి పట్టి రాలిపోతుంది, ఆ అప్పు ఎవరు కడతారు? అయినా గంధానికి డబ్బు చేవలో కదా, కాయ లేకపోతే మీకొచ్చిన నష్టమేంది?

గంధం_బంగారుపాళ్యం: గింజ నర్సరీలకు అమ్ముకుంటాను సామీ. చేవ ముదిరేదాకా ఇంట్లో పొయ్యి వెలగొద్దా? నా చేలో ఏది అమ్ముకోవాలో మీరు చెప్పక్కరలేదు.

పాకాల_మామిడి: మీ చేలో ఉన్నంతవరకూ సరే! మా పక్కాయన గట్టు మీద వరసగా గంధం నాటినాడు. ఆ పక్కనున్న నా బెంగళూర మామిడి చెట్లు ఏటికేడు పలచబడతా ఉన్నాయి. మొన్న పాదు తవ్వితే మామిడి వేరుకు గంధం వేరు కొసలు గుండీల్లాగా అతుక్కోని ఉన్నాయి. నీళ్లు నావి, ఎరువు నాది, గంధం ఆయనది. అడిగితే 'వేరుకు గట్టు తెలుసా' అని నవ్వుతాడు. మీరేమో ఈగల కోసం ఏడుస్తారు.

అడవిబాట: అసలు కడుపుమంట ఇదన్నమాట. గంధం వేరు పక్క చెట్టును పట్టుకోకుండా బాగా ఎదగదు. అందుకే సొంత చేలో కందో సరుగుడో తోడు వేసుకోవాలి. గట్టు వెంబడి లోతుగా కందకం తీస్తే వేరు తెగుతుంది.

పాకాల_మామిడి: కందకం ఖర్చు ఎవరిది?

గంధం_బంగారుపాళ్యం: గట్టు మీద నాటినోడిదే, అది ఒప్పుకుంటా. నేను లోపలికే నాటినాను. మరి మీరు మందు పొద్దుగూకినాక కొడతారా?

పాకాల_మామిడి: కూలోళ్లు సాయంత్రం రారన్నా. మీరే పంపించండి, కొట్టిస్తా.

తిరుపతి_శేషు: వాసన సంగతి ఎవరూ తేల్చలేదు.