లిమిటెడ్ వేరియంట్ తీసుకోవాలా, మామూలుదే చాలా? శుక్రవారం లోపు చెప్పాలి

మూడోగేరు:
మూడేళ్లుగా ఒక టూ సీటర్ స్పోర్ట్స్ కారు కోసం డబ్బు కూడబెడుతున్నాను. మామూలు మోడల్ బుక్ చేద్దామని వెళ్తే, "ఎవరో క్యాన్సిల్ చేశారు, లిమిటెడ్ వేరియంట్ ఒకటుంది, శుక్రవారం లోపు చెప్పండి" అన్నారు. మొత్తం వెయ్యే చేస్తారట. ధర మూడో వంతు ఎక్కువ. దానికి 30 హార్స్‌పవర్ అదనం, కార్బన్ రూఫ్, వెనక్కి వాలని బకెట్ సీట్లు, రేస్ ట్రాక్ తరహా కప్ 2 టైర్లు, డాష్‌బోర్డు మీద నంబరు చెక్కిన పలక. మాన్యువల్ గేర్లు రెండింటిలోనూ ఉన్నాయి. అమ్మే ఉద్దేశం లేదు గానీ, నష్టపోకూడదని ఉంది. ఇలాంటివి కొన్నవాళ్లు చెప్పండి.

పాతగ్యారేజీ:
నష్టపోకూడదు అన్నారు కాబట్టి 911 ఆర్ సంగతి చెప్తాను. 2016లో పోర్షే కంపెనీ ఆ లిమిటెడ్ మోడల్‌ను 991 మాత్రమే చేసింది. 4 లీటర్ల ఇంజన్, 500 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. 911లోనే రేస్ తరహా మోడలైన అప్పటి జీటీ3లో మాన్యువల్ లేదు, అందుకే జనం ఎగబడ్డారు. సెకండ్ హ్యాండ్‌లో అసలు ధరకు రెట్టింపు పైనే అడిగారు. మరుసటి ఏడాదే కొత్త జీటీ3కి మాన్యువల్ వచ్చింది, ఆ వెంటనే పెద్ద రెక్క లేని జీటీ3 టూరింగ్ కూడా వచ్చింది. దాంతో 911 ఆర్ రేట్లు దిగాయి. మెగ్నీషియం రూఫ్, తక్కువ బరువు చూసి కొన్నవాళ్లకు బాధ లేదు. మాన్యువల్ ఇక దొరకదని కొన్నవాళ్లే దెబ్బతిన్నారు. మీ వేరియంట్‌లో ఉన్నవాటిలో రేపు మామూలు మోడల్‌కు రానిది ఏముందో చూసుకోండి.

లేట్‌బ్రేకర్:
వెయ్యే అని రాసిచ్చారా బ్రో? బీఎండబ్ల్యూ 1 సిరీస్ ఎం కూపే 2,700 చేస్తామని మొదలుపెట్టి 6,309 చేశారు. విచిత్రం ఏంటంటే దాని గిరాకీ తగ్గలేదు. బీఎండబ్ల్యూ పెద్ద కారు ఎం3 యాక్సిల్స్, ట్విన్ టర్బో ఇంజన్, మాన్యువల్ మాత్రమే. కారు బాగుంది, అంతే.

స్ప్లిటర్‌బాధితుడు:
నా పేరు చూస్తేనే తెలుస్తుంది. కొన్న ఎనిమిదో రోజు బేస్‌మెంట్ ర్యాంపు మీద ముందు బంపర్ కింద ఉండే కార్బన్ పలక, అదే స్ప్లిటర్, పగిలింది. మామూలు మోడల్ పార్టు పెట్టేద్దామంటే బోల్టు రంధ్రాలే కలవలేదు. ఐదు నెలలు కారు షెడ్డులో. ఇన్సూరెన్స్ వాళ్ల సిస్టంలో నా వేరియంట్ పేరే లేదు, మామూలుదాని విలువ రాశారు. మీరు తీసుకుంటే కారు విలువ ముందే ఒప్పుకుని రాసిన పాలసీ చేయించుకోండి. ఇది మాత్రం వదలొద్దు.

కప్ 2 టైర్లు ఎండలో, వేడెక్కాక అద్భుతం. చలి ఉదయం పట్టు ఉండదు, నీళ్లు నిలిచిన రోడ్డు మీద ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి. సౌండ్ ఆపే మెత్తలు తీసేశారు కాబట్టి చక్రాల గూట్లో గులకరాళ్లు కొట్టుకునే చప్పుడు మొత్తం లోపలికి వస్తుంది. మా అబ్బాయికి పాప్‌కార్న్ లాగా వినిపిస్తుందట.

ఇంత తిట్టినా ఈ కారు మాత్రం అమ్మేది లేదు. ఐదు వేల ఆర్‌పీఎం దాటాక ఆ ఇంజన్ అరుపు వినాలి మీరు.

వీకెండ్‌డ్రైవర్:
నాది పూర్తిగా వేరే అనుభవం. కిలోమీటర్లు పెరిగితే రేటు పడిపోతుందని కవరు కప్పి పెట్టాను. నాలుగేళ్లలో రెండు వేల కిలోమీటర్లు. బ్యాటరీ ఒకసారి పోయింది, టైర్లు అరక్కుండానే గట్టిపడిపోయాయి. చివరికి వచ్చిన ధర మంచిదే, కానీ ఆ కారు ఎలా నడిచేదని ఎవరైనా అడిగితే నాకు చెప్పడం రాదు.

పాతగ్యారేజీ:
ఇంకొకటి, అగ్రిమెంట్ చదవండి. 2017 ఫోర్డ్ జీటీ కొన్నవాళ్ల చేత రెండేళ్ల దాకా కారు అమ్మబోమని సంతకం పెట్టించుకున్నారు.

మూడోగేరు:
అందరికీ థ్యాంక్స్. నిన్న మా ఆవిడతో వెళ్లాను. అమ్మకూడదన్న షరతు ఉంది, ఏడాది. "వెయ్యే" అన్న మాట మాత్రం కాగితాల్లో ఎక్కడా లేదు, బ్రోషర్‌లోనే ఉంది. బకెట్ సీట్లోంచి లేవడానికి ఆవిడకు నా చెయ్యి, డోరు రెండూ కావాల్సి వచ్చింది. మామూలు సీట్లు వేస్తారా అంటే ఆప్షన్ లేదన్నారు. తర్వాత మామూలు మోడల్ నడిపి చూశాను. ఆ 30 హార్స్‌పవర్ లోటు నాకైతే తెలియలేదు. గేరు పడే తీరు అదే. దానికే అడ్వాన్స్ కట్టేశాను. ఆ పలక గుర్తొచ్చి రాత్రి కాసేపు నిద్ర పట్టలేదు, అబద్ధం చెప్పను.

స్ప్లిటర్‌బాధితుడు:
మామూలుదైనా ర్యాంపు ఐమూలగా ఎక్కించండి సార్.

లేట్‌బ్రేకర్:
ఇంతకీ ఏ రంగు?