అమరరాజా షేరు: పెట్టుకుని ఉండాలా, కొని అమ్మతా ఉండాలా?

తిరుపతి కొత్తోడు: అన్నా, మన కరకంబాడి బ్యాటరీ కంపెనీ అమరరాజా షేరు కొందామనుకుంటా ఉండా. చేతిలో 2 లక్షలు. ఏళ్లతరబడి ఉంచేదా, ధర ఊగినప్పుడల్లా ట్రేడ్ చేసేదా?

చిత్తూరు బ్యాలెన్స్‌షీట్: ఉంచేదైతే చార్టు తర్వాత, వార్షిక నివేదిక ముందు. ఐదేళ్ల క్యాష్‌ఫ్లో (నగదు రాకపోకల) పట్టిక తీయి. లాభం పెరుగుతా, చేతికొచ్చే నగదు పెరగలేదంటే డబ్బు సరుకులోనో బాకీల్లోనో ఇరుక్కునుంటాది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి సీసమే ప్రధాన ముడిసరుకు, దాని ధర ఎక్కితే మార్జిన్ నలుగుతాది. తక్కువ పీఈ (షేరు ధర, ఒక్కో షేరుకొచ్చే లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) చూసి ఎగబడొద్దు. లాభాలు శిఖరాన ఉన్న ఏడాది పీఈ చవగ్గానే కనిపిస్తాది. ఊరి కంపెనీ అనే అభిమానం లెక్కలోకి రాదబ్బా.

తిరుచానూరు ట్రేడర్: ట్రేడింగ్‌కు ముందు పరిమాణం తేల్చు. ఒక ట్రేడ్‌లో పోయేది నీ 2 లక్షల్లో 1 శాతం, అంటే 2,000 దాటకూడదు. ఉదాహరణకు 500కు కొని 480 దగ్గర స్టాప్‌లాస్ (ధర అక్కడికి పడితే అమ్మేయమనే ఆర్డరు) పెడితే షేరుకు 20 రిస్కు, కాబట్టి 100 షేర్లే. మర్నాడు షేరు 460 దగ్గర తెరుచుకుంటే లిమిట్ స్టాప్‌లాస్ (చెప్పిన ధర కంటే తక్కువకు అమ్మని రకం) అమలుకాకపోవచ్చు. అప్పుడు ‘సరేలే, లాంగ్‌టర్మ్ పెట్టుకుందాం’ అంటారు చూడు, అదే అసలు రోగం.

చిత్తూరు బ్యాలెన్స్‌షీట్: పన్ను కూడా చూసుకో. ఏడాది దాటినాక అమ్మితే 1.25 లక్షలు దాటిన లాభంపై 12.5 శాతం, లోపల అమ్మితే 20. ఇంట్రాడే (అదే రోజు కొని అమ్మిన) లాభం నీ ఆదాయ పన్ను శ్లాబులో పడతాది, నష్టాన్ని ఇలాంటి స్పెక్యులేటివ్ లాభంతోనే సర్దుకోవాల, అదీ నాలుగేళ్లలోపే. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఒప్పందాల ట్రేడింగ్) జోలికైతే పోవద్దు. 2022–24 ఆర్థిక సంవత్సరాల్లో అందులో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయినారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో తేల్చింది.