ఉగాది వాలంటీర్లు, ఏప్రిల్ 25 శనివారం: పేర్లు పెట్టండి

రాజాం బావ: స్టేజీ, సౌండు, పచ్చడి, పులిహోర, గుంటల డాన్సులు, పార్కింగు, హోమ్‌స్టెడ్ టేబులు (టెక్సస్‌లో మనం ఉంటున్న సొంతింటికి పన్ను తగ్గించే ఫారాలు పెట్టించడానికి). ఎవరేటి చేస్తారో కింద రాసేయండి, పది రోజులే ఉంది.

టెక్కలి అన్న: ఆగు బావా, హాల్ పోయింది. ఇన్సూరెన్స్ కాగితం అందలేదని బుకింగ్ కేన్సిల్ చేసేరట, ఇప్పుడే మెయిల్ వచ్చింది. డిపాజిట్ ఎప్పుడిస్తారో కూడా రాయలేదు.

రాజాం బావ: ఆ కాగితం పంపమని నీకు మూడుసార్లు చెప్పేను అన్నా.

టెక్కలి అన్న: మార్చిలోనే పంపేను, కావాలంటే మెయిల్ ఫార్వర్డ్ చేస్తా. ఫోన్లన్నీ నేనే చెయ్యాలి, మాటలూ నేనే పడాలా? ఇంకెవరైనా చూసుకోండి.

బొబ్బిలి వదిన: ఇద్దరూ కాసేపు ఆపండి బాబూ. మా కాలనీ క్లబ్‌హౌస్ అడిగేను, మధ్యాహ్నం రెండు దాకా ఇస్తామన్నారు, కానీ అరవై మందే పడతారు, స్టేజీ లేదు, మైకు పెట్టనివ్వరు.

పాలకొండ అక్క: అరవై మందితో ఉగాది ఏటి వదినా? పిల్లలు రెండు నెలలుగా ప్రాక్టీస్ చేస్తున్నారు.

నరసన్నపేట: డాన్సులు మే నెలలో పార్కులో పెట్టుకోవచ్చు అక్కా, హోమ్‌స్టెడ్‌కి మాత్రం ఏప్రిల్ 30 గురువారమే గడువు. నా సంగతే చెప్తాను, 2024 జనవరి 1కి ముందే ఈ ఇంట్లోకి వచ్చేసేం, ఆ ఏడాది అప్లై చేస్తే డ్రైవింగ్ లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ ఉందని వెనక్కి పంపేసేరు, మళ్లీ చూద్దాంలే అని వదిలేసి రెండేళ్లు పూర్తి పన్ను కట్టేను. ఇప్పుడు టెక్సస్‌లో సొంతిల్లున్నవాళ్లకి ఇంటి పన్నులోని స్కూల్ టాక్స్ లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు, రేటు వందకి డాలర్ అనుకున్నా ఏడాదికి 1,400 మిగుల్తుంది. పన్ను వేసే విలువ కూడా ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదు. మనవాళ్లలో సగం మందికి తెలీదు, ఎవరో లెటర్ పంపితే వాళ్లకి ఫీజు కట్టేస్తున్నారు, అప్లికేషన్‌కి ఒక్క సెంటు అక్కర్లేదు.

పాలకొండ అక్క: మాదీ 2024 నుంచి పెట్టలేదు తమ్ముడూ, పోయినట్టేనా?

నరసన్నపేట: పోలేదక్కా. లేటుగా కూడా రెండేళ్ల దాకా పెట్టుకోవచ్చు, 2024, 2025 రెండూ రాయండి. ఫారం 50-114. లైసెన్స్ అడ్రస్ మాత్రం ఇవాళే మార్చండి. అద్దెకిచ్చిన ఇంటికి మాత్రం రాదు, మీరుంటున్న ఇంటికే.

ఆమదాలవలస తమ్ముడు: నేను ఊర్లో ఉన్నాను, నాన్న ఇంటి పన్ను కట్టడానికి. ఇక్కడా ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు, నాన్న ఒక్కేడు కూడా వదల్లేదు. అక్కడ పొద్దున్న పది అంటే మాకు రాత్రి ఎనిమిదిన్నర, వీడియో కాల్‌లో కూర్చుని ఫారాలు నేను చూస్తాను.

టెక్కలి అన్న: సరే, నా దగ్గర రెండు లాప్‌టాపులున్నాయి, తెస్తాను. బావా, కోపంలో ఏదో అనేసేను.

రాజాం బావ: తప్పు నాదే అన్నా, నీ మెయిల్ స్పామ్‌లో ఉంది, ఇప్పుడు చూసేను. గంటకి పదిహేను ఇళ్ల వాళ్లని రమ్మందాం, పచ్చడి తిని, ఫారం పెట్టుకుని, తర్వాత వాళ్లకి చోటిచ్చి వెళ్తారు. లైసెన్స్ తప్పకుండా తెమ్మని చెప్పండి.

బొబ్బిలి వదిన: ప్రింటరు నాది. పులిహోర మానేస్తున్నాను, అక్కడ వేడి చేసే వీల్లేదు. వేపపువ్వు ఎవరింట్లో ఉంది?

పాలకొండ అక్క: మా ఇంట్లో ఉంది వదినా, అమ్మ ఎండబెట్టి పంపింది. శుక్రవారం తెస్తాను.