తూచి తింటున్నా లెక్క కుదరడం లేదు: ఉమ్మడి వంట, చద్దన్నం, నూనె

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. నెల రోజులుగా 5 కిలోల డిజిటల్ కాటా మీద తూచి, తిన్నదంతా రాసుకుంటున్నాను. రోజుకి 1,500 కేలరీల లెక్క. తగ్గింది మాత్రం అరకిలో లోపే. ఎక్కడో తప్పు పోతోంది, అదెక్కడో తెలియడం లేదు. ఇంట్లో ఐదుగురం, అందరికీ ఒకే వంట. అత్తగారు వండిందే నేనూ తినాలి, నాకని వేరే గిన్నె పెట్టుకునే వీలు లేదు.

నా సందేహాలు ఇవి. ఉసునా (ఉప్పుడు బియ్యం) అన్నం ఒకరోజు పొడిపొడిగా, ఒకరోజు మెత్తగా వస్తుంది. రెండు రోజులూ 200 గ్రాములే పెట్టుకుంటున్నా, రెండూ సమానమేనా? ఎండాకాలం కదా, పొద్దున్న చద్దన్నమే. రాత్రి 200 గ్రాముల అన్నం తూచి నీళ్ళు పోసి ఉంచితే, పొద్దున్న వడకట్టి తూస్తే 240 వస్తోంది. ఏది రాయాలి? తరవాణి (చద్దన్నం వడకట్టిన పులిసిన నీళ్ళు) కూడా తాగుతాను, దానికి ఎంత? కూరకి ఒక చెంచా నూనె అని 5 గ్రాములు రాస్తున్నాను, రోజుకి రెండు కూరలు. ఇక కాటా సంగతి: అదే గిన్నె రెండుసార్లు పెడితే 6, 7 గ్రాములు తేడా చూపిస్తోంది. పాడైందా?

నాగావళి (రాయగడ)

మొదటి రెండూ ఒకే ప్రశ్న అమ్మా. నీటికి బరువుంది, కేలరీలు లేవు. గింజ ఎంత నీరు పీలిస్తే తూకం అంత పెరుగుతుంది, అందులో ఉన్న బియ్యం మాత్రం పెరగదు. అందుకని లెక్క అన్నం మీద కాదు, బియ్యం మీద కట్టాలి. దీనికి వేరే వంట అక్కర్లేదు, అత్తగారి గిన్నెలోనే అయిపోతుంది.

బియ్యం కడగకముందే తూచండి. కడిగాక తూస్తే గింజకి అంటిన తడి కూడా తూకంలోకి వచ్చేస్తుంది. అన్నం వండే గిన్నెని ఖాళీగా, మూత లేకుండా ఒక్కసారి తూచి ఆ అంకె చీటీ మీద రాసి వంటింటి గోడకి అంటించేయండి, రోజూ తూచే పని ఉండదు. అన్నం దించాక గిన్నెతో సహా తూచి ఆ అంకె తీసేస్తే ఎంత అన్నం అయిందో తెలుస్తుంది.

900 గ్రాముల బియ్యం 2,430 గ్రాముల అన్నం అయిందనుకోండి. 2,430ని 900తో భాగిస్తే 2.7. మీ కంచంలో 200 గ్రాములుంటే, దాన్ని 2.7తో భాగించండి: 74 గ్రాముల బియ్యం. గ్రాముకి మూడున్నర చొప్పున 260 కేలరీలు. మర్నాడు నీళ్ళు తగ్గి పొడిగా వచ్చి 2,160 గ్రాములే అయితే భాగించాల్సింది 2.4తో. అప్పుడు అదే 200 గ్రాముల అన్నంలో 83 గ్రాముల బియ్యం ఉంది, 290 కేలరీలు. మీ రెండు రోజులూ సమానం కాదన్నమాట. పూటకి 30 తేడా, మూడు పూటలా అన్నమే తినే ఇంట్లో 90.

ఇంకో తప్పు చాలామంది చేస్తారు. బియ్యం తూకం తీసుకుని కేలరీల ఆప్‌లో ‘వండిన అన్నం’ వరస మీద రాస్తారు. 74 గ్రాముల బియ్యాన్ని వండిన అన్నంగా రాస్తే ఆప్ 96 కేలరీలే చూపిస్తుంది, మీరు తిన్నది 260. మీరు ఏ వరస ఎంచుకున్నారో ఒకసారి వెనక్కి వెళ్ళి చూసుకోండి.

ఉసునా తింటే బరువు తగ్గుతుంది, అరువా (పచ్చి బియ్యం) తింటే పెరుగుతుంది అన్న మాట మన వైపు బాగా వినిపిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 100 గ్రాములకి పచ్చి బియ్యానికి 356, ఉప్పుడు బియ్యానికి 351 కేలరీలు వస్తాయి. ఐదు కేలరీల తేడా. (ఆ పట్టికలు చూసేవాళ్ళకి ఒక మాట: అందులో శక్తి కిలోజౌల్స్‌లో ఉంటుంది, 4.184తో భాగించుకోవాలి. ఆ అంకెనే కేలరీలనుకుంటే నాలుగింతలు తప్పు.)

చద్దన్నానికి రాత్రి నీళ్ళు పోయకముందు తూచిన 200 గ్రాములే లెక్క. పొద్దున్న వచ్చిన 240ని మర్చిపోండి, పెరిగిన 40 నీళ్ళే. తరవాణికి వేరే రాయొద్దు. అందులో దిగింది ఆ గింజలోని పిండే, దాని లెక్క రాత్రే కట్టేశారు. పక్కింటి ఒడియావాళ్ళ తొరాణి అయినా ఇదే లెక్క. కానీ చద్దన్నంలో కలిపే పెరుగు, నంజుకునే వడియాలు, బంగాళాదుంప ముద్ద మీద పోసే పచ్చి ఆవనూనె, ఇవి మాత్రం తూచాలి. చద్దన్నం తేలిక అనుకుని వీటిని వదిలేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది.

గంజి వార్చే ఇల్లయితే కొంత పిండి గంజితో పోతుంది కాబట్టి నిజం మీ లెక్క కంటే కాస్త తక్కువే ఉంటుంది. ఆ కాస్తనీ పట్టించుకోకండి.

బరంపురం బాబాయి

కాటా పాడవ్వలేదమ్మా, పెట్టే తీరు చూసుకోవాలి. వరసగా ఇవి చూడండి.

ముందు అడుగు. రాతి గట్టు మీదే పెట్టాలి. కింద పేపరు గానీ గుడ్డ గానీ ఉంటే కాళ్ళు దిగబడి తూకం మారిపోతుంది. ప్లాస్టిక్ బల్ల వంగుతుంది, అదీ పనికిరాదు. పైన ఫ్యాను తిరుగుతుంటే వెడల్పాటి కంచం పెట్టినప్పుడు అంకె ఊగుతుంది, తూచే అరనిమిషం ఫ్యాను ఆపండి. గిన్నె సరిగ్గా మధ్యలో ఉండాలి. వంటింటి కాటాల్లో సాధారణంగా నడుమ బరువు పసిగట్టే ఒక్క లోడ్‌సెల్ ఉంటుంది, గిన్నె ఒక అంచుకి జరిగితే నాలుగైదు గ్రాములు అటూ ఇటూ అవుతుంది. మీ 6, 7 గ్రాముల తేడా బహుశా ఇదే.

పొయ్యి మీంచి దించిన వేడి గిన్నె నేరుగా పెట్టకండి. లోపలి సెల్ వేడెక్కితే అంకె మెల్లగా జరుగుతూ ఉంటుంది. ముందు చిన్న చెక్కపలక పెట్టి, టేర్ నొక్కి సున్నా చేసి, దాని మీద గిన్నె పెట్టండి.

సరిగా ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పది రూపాయల బిళ్ళ ఒక్కోటి 7.7 గ్రాములు. పది బిళ్ళలు పేర్చి పెడితే 77 రావాలి, ఒక గ్రాము అటూ ఇటూ ఫర్వాలేదు. అవే బిళ్ళలు నాలుగు మూలల్లో పెట్టి చూడండి, ఏ మూల అంకె మారుతుందో తెలిసిపోతుంది. పెద్ద బరువుకి కిరాణా కొట్టులో ముద్ర వేసిన కిలో రాయి ఒకసారి అడిగి పెట్టి చూస్తే సరి. ఉప్పు ప్యాకెట్టుతో పరీక్ష చేయకండి, కవరు బరువు కలుస్తుంది, లోపలి సరుకూ ఖచ్చితంగా కిలో ఉండదు.

నూనె చుక్కలు, ఆవాలు, గసగసాలు కొంచెం కొంచెంగా వేస్తుంటే కాటా కదలదు. అంత చిన్న మార్పుని అది సున్నా జరగడం అనుకుని మళ్ళీ సున్నాకి సరిచేసేస్తుంది. అలాంటివి చిన్న గిన్నెలో ముందే పోసి, ఒకేసారి పెట్టి తూచండి.

కాసేపు ముట్టకపోతే దానంతటదే ఆరిపోతుంది, టేర్ కూడా పోతుంది. మీరు కూర కలిపి వచ్చేసరికి సున్నా మారిపోయి ఉంటుంది. నాగావళి గారు చెప్పిన గోడ మీది చీటీ అందుకే మేలు. మిల్లీలీటరు బటన్ ముట్టకండి, అది ప్రతిదాన్నీ నీళ్ళనుకునే లెక్క, నూనెకి తప్పవుతుంది. 5 కిలోలు అంటే గిన్నెతో కలిపి 5 కిలోలు, కుక్కరు బరువుగా ఉంటే అన్నం వేరే పళ్ళెంలోకి తీసి రెండు విడతలుగా తూచండి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. 200 గ్రాముల అన్నంలో 7 గ్రాముల తేడా అంటే తొమ్మిది కేలరీలు. నెలకి అరకిలో కూడా తగ్గకపోవడానికి కారణం కాటా కాదు.

వంశధార (గుణుపురం)

కారణం నూనె. ‘ఒక చెంచా’ అన్న దగ్గరే లెక్క పోయింది. చదునుగా నిండిన టీ చెంచాకి 5 గ్రాముల లోపే పడుతుంది, కానీ ఐదుగురి కూరకి ఎవరూ టీ చెంచాతో పోయరు, గరిటెతోనో సీసా వంచో పోస్తారు. గ్రాము నూనెకి 9 కేలరీలు. ఏ నూనె అయినా అంతే.

కొలవడం తేలిక. నూనె సీసాని కాటా మీద పెట్టి టేర్ నొక్కండి, సున్నా అవుతుంది. కూరకి పోసి సీసా మళ్ళీ అక్కడే పెట్టండి. మైనస్ 38 అని చూపిస్తే కూరలోకి 38 గ్రాములు వెళ్ళింది. అత్తగారిని చెంచా మార్చమని అడగక్కర్లేదు, ఆవిడ ఎప్పటిలాగే పోస్తారు. బూరెలు, పకోడీలు వేసిన రోజు మూకుడులో పోసింది తూచి, చల్లారాక మిగిలింది తూచి, తేడా రాసుకోండి.

ఇంతకంటే పెద్ద తనిఖీ ఇంకొకటుంది. నెలకి ఎన్ని ప్యాకెట్ల నూనె కొంటున్నారు? లీటరు ప్యాకెట్టు అంటే సుమారు 910 గ్రాములు. కొన్ని ప్యాకెట్లు చూడ్డానికి లీటరులా ఉన్నా లోపల తక్కువ ఉంటాయి, మీద రాసిన గ్రాములే చూడండి. మొత్తాన్ని ఇంట్లో మనుషులతో, తర్వాత 30తో భాగిస్తే మనిషికి రోజుకెంతో వస్తుంది.

కూర, పప్పుల లెక్క కూడా అన్నంలాగే: మొత్తం కేలరీలు, మొత్తం తూకం. ఉదాహరణకి దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు). కందిపప్పు 150 గ్రాములు (495), అరటికాయ, గుమ్మడి, బొప్పాయి కలిపి అరకిలో (సుమారు 250), కొబ్బరి కోరు 30 గ్రాములు (110), తాలింపు నూనె 15 గ్రాములు (135). మొత్తం 990. దించాక గిన్నె బరువు తీసేసి 1,650 గ్రాములు వస్తే గ్రాముకి 0.6. మీరు 250 గ్రాములు పోసుకుంటే 150 కేలరీలు. ఈ 0.6 ఒకసారి కట్టుకుంటే చాలు, చేసే తీరు మారనంత కాలం అదే వాడుకోవచ్చు.

నాగావళి గారి పద్ధతి సరైనదే, కానీ ‘ప్రతిదీ’ తూచడం నాకు నచ్చదు. తోటకూర, దోస, సొర, బీర, పల్చటి మజ్జిగ తూచి రాసే ఓపిక మూడు వారాల్లో అయిపోతుంది, దాంతో మొత్తం మానేస్తారు. బియ్యం, చోడిపిండి (రాగిపిండి), అటుకులు, పప్పు, నూనె, వేరుశెనగ, కొబ్బరి, బెల్లం, పంచదార, పాలు ఇవి వదలకుండా తూస్తే చాలు. చేపలకి పులుసులోంచి తీసిన ముక్క తూచి, తిన్నాక ముళ్ళు తూచి తీసేయండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. బియ్యం వరస సరిగానే ఎంచుకున్నాను, చూసుకున్నా. బిళ్ళలు పెడితే మధ్యలో 77, ఎడమ మూల 73. నూనె నెలకి 5 ప్యాకెట్లు, ఒక్కోటి 910 గ్రాములే. సాయంత్రం మురీ (మరమరాల) మిక్చర్ ‘ఒక కప్పు, 80 కేలరీలు’ అని రాస్తున్నాను. అదీ తప్పేనా?

వంశధార (గుణుపురం)

4,550ని ఐదుగురితో, 30తో భాగిస్తే 30 గ్రాములు, 273 కేలరీలు. మీరు రాసింది రెండు కూరలకి 10 గ్రాములు, 90. రోజుకి 180 పైన లెక్కలోకి రాలేదు. నెలకి 5,400 దాటింది. కిలో కొవ్వుకి సుమారు 7,700 అనుకుంటే, దాదాపు 700 గ్రాములు తగ్గాల్సింది ఇక్కడే ఆగింది. అందరూ సమానంగా తింటారని వేసిన లెక్క ఇది, చుట్టాలొచ్చిన రోజులు తీసేస్తే కొంచెం తగ్గుతుంది. వారం పాటు సీసా తూచి మీ సొంత అంకె తేల్చుకోండి.

మురీ మిక్చర్‌కి కప్పు కొలత అస్సలు పనికిరాదు. మురీలు గిన్నె నిండా పోసినా 20 గ్రాములే, 72 కేలరీలు. వాటి మీద గుప్పెడు వేరుశెనగ 25 గ్రాములు, 130 పైనే. రెండు చెంచాల ఆవనూనె 10 గ్రాములు, 90. మొత్తం 290 దాటింది. మురీలు అంతే ఉంచుకోండి, ఉల్లి, టమాటా, నిమ్మరసం దండిగా వేసుకోండి, వేరుశెనగ 10 గ్రాములు, నూనె 3 గ్రాములకి దించండి. 150కి వచ్చేస్తుంది.

నాగావళి (రాయగడ)

ఇప్పుడు తప్పు దొరికింది కాబట్టి వెంటనే అన్నం కోసేయకండి. రెండు వారాలు సరైన లెక్క రాసి, అప్పుడు చూడండి. ఇంట్లో ఎవరైనా షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడుతూ మీతో పాటు మొదలుపెడితే, అన్నం తగ్గించే ముందు డాక్టరుకి చెప్పి మోతాదు చూపించుకోవాలి. మందు అలాగే ఉంచి అన్నం తగ్గిస్తే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు ఈ లెక్కల జోలికి సొంతంగా పోవద్దు.

ఒంటి బరువు రోజూ పొద్దున్న, కాలకృత్యాలయ్యాక, ఏమీ తాగకముందు చూసి ఏడు రోజుల సగటు తీయండి. ఒక వారం సగటుని ఇంకో వారం సగటుతోనే పోల్చాలి. రాత్రి ఎండుచేపల పులుసు తింటే ఆ ఉప్పుకి మర్నాడు ముప్పావు కిలో, కిలో ఎక్కువ చూపించొచ్చు. అది నీరు, రెండు రోజుల్లో పోతుంది. నెలసరి ముందు కూడా ఇలాగే అవుతుంది, అందుకని నెలకి నెల పోల్చుకుంటే ఇంకా నయం.

బరంపురం బాబాయి

ఎడమ మూల 73 అన్నారు కదా. కాటా తిరగేసి ఆ మూల కాలికున్న రబ్బరు బిళ్ళ చూడండి. అది ఊడిపోయినా, అరిగినా, పళ్ళెం కింద పిండి గడ్డకట్టి గీసుకుంటున్నా ఇలాగే తక్కువ చూపిస్తుంది. పొడిగుడ్డతో తుడిచి, కొత్త బ్యాటరీ వేసి మళ్ళీ బిళ్ళలు పెట్టండి. అప్పటికీ 73 అంటే మార్చక్కర్లేదు, పళ్ళెం నడుమ పెన్నుతో గుండ్రంగా గీత గీసుకుని గిన్నె ఎప్పుడూ అందులోనే పెట్టండి.