‘నీసు’ నీచం నుంచి వచ్చిందా? మా ఇంట్లో జరిగిన ముచ్చటతో ఒక జవాబు

మొన్న ఇక్కడ ఒక తమ్ముడు అడిగాడు: “నల్లగొండ, పాలమూరు దిక్కు మాంసాన్ని నీసు అంటారు. అది నీచం అనే మాట నుంచే వచ్చిందని మా సార్ చెప్పాడు. మనల్ని మనమే తక్కువ చేసుకునే మాట ఎందుకు వాడాలి? నాన్‌వెజ్ అంటే సరిపోదా?”

తమ్మీ, ఆ మాట వదలకు. అది తిట్టు కాదు.

చలి, చాప, చుట్టం, చూడు అని పైకి పలికి చూడు. నాలుక కొస పళ్ల దగ్గర తగులుతుంది. ఇది అచ్చ తెలుగు ‘ౘ’. చక్రం, చంద్రుడు, నీచుడు అన్నప్పుడు నాలుక ఇంకా వెనక్కి, అంగుడికి తగులుతుంది. ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లోని చ. మన దిక్కు ‘ౘ’ మెత్తబడి ‘స’ అవుతుంది: సలి, సాప, సుట్టం, సూడు. చేపకూ మాంసానికీ పాత నిఘంటువుల్లో కనిపించే ‘నీచు’లో ఉన్నది ఈ పళ్ల దగ్గరి చకారమే. అందుకే అది మన నోట్లో నీసు అయింది. కోస్తావాళ్లు నీచు వాసన అంటే, మనం నీసు వాసన అంటాం. ఇక నీచుడు అనే తిట్టును నీసుడు అని మా ఊర్లో ఎవరి నోటా నేను వినలేదు. రాతలో ఒకే అక్షరం కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తాయి, చెవికి మాత్రం వేర్వేరు మాటలు.

వ్యుత్పత్తి ముచ్చట ఇంతే. అయితే ఈ ప్రశ్న చదివినప్పటి నుంచి నా మనసు మా అన్న బిడ్డ మీదికే పోతోంది.

మాది దేవరకొండ దిక్కు. మా నాయన జీవాలు కాసిన మనిషి. మా అన్న బిడ్డ హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. పోయిన దసరాకు వచ్చి, యాట కూర (మటన్) వడ్డిస్తుంటే వద్దంది. అప్పుడు మా అమ్మకూ దానికీ నడిచిన మాటలు ఇవి.

“నీసు బంద్ పెట్టినవా బిడ్డా? ఎవరికి మొక్కినవ్?”
“ఎవరికీ మొక్కలే నాయనమ్మా.”
“ఇయ్యాల వారమా?”
“కాదు.”
“మరి ఒంట్ల బాగలేదా? డాక్టర్ వద్దన్నడా?”
“మంచిగనే ఉన్న. నాకే తినబుద్ధి అయితలేదు. పాలు, పెరుగు గూడ వద్దు.”
“ఎన్నొద్దులు?”
“ఎప్పటికీ.”

ఆ ‘ఎప్పటికీ’ విని మా అమ్మ చేతిలో గంటె ఆగిపోయింది.

మా అమ్మ అడిగిన ప్రశ్నల్ని మళ్లీ ఒకసారి చూడండి. నీసు మానడానికి మన భాషలో ఎన్ని మాటలు ఉన్నాయో! మొక్కు, వారం (దేవుడి పేరున నీసు ముట్టని రోజు), ఒక్కపొద్దు, అయ్యప్ప మాల, శ్రావణం, పథ్యం. ప్రతి దానికీ ఒక గడువు ఉంది. మాల తీసేస్తారు, శ్రావణం పోతుంది, జ్వరం తగ్గుతుంది, మళ్లీ ఐతారం కూర తెచ్చుకుంటాం. మా దిక్కు ఐతారం ‘కూర’ అంటే మటనే, వంకాయ కాదు. గడువు లేకుండా మానేవాళ్లకు ఒకే లెక్క ఉండేది: కులం. కోమటోళ్లు, బాపనోళ్లు ముట్టరు, మిగతావాళ్లం తింటాం, అయిపోయింది.

ఒక మనిషి దేవుడి కోసం కాకుండా, కులం వల్ల కాకుండా, రోగం వచ్చి కాకుండా, ఆ జంతువును తలచుకుని మానేస్తే చెప్పడానికి మా ఇంట్లో మాట లేదు. మాట లేని చోట మనుషులు దగ్గరలో ఉన్న మాటను అతికిస్తారు. మా మేనమామ “ఏందే, బాపనోళ్ల లెక్క అయినవ్” అన్నాడు. వదిన “గడ్డి తిని బతుకుతవా” అంది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు నేను చూశాను. తను ఎవరికంటే ఎక్కువ కావాలనుకోలేదు. తాత మేపిన గొర్రెపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని పెరిగిన పిల్ల అది.

వీళ్లు ఎందుకు అంత గట్టిగా అన్నారో కూడా నాకు తెలుసు. పదేళ్ల కింద నేను పట్నంలో ఇల్లు వెతుక్కుంటుంటే ఒక ఓనరమ్మ గడప దగ్గరే ఆపి “మీరు ఏమిట్లు? నీసు తింటరా?” అని అడిగింది. ఏమిట్లు అంటే ఏ కులమని. తింటామన్నాను. అద్దె ఎంతో కూడా చెప్పకుండా తలుపు వేసుకుంది. ఆ రోజు ఆమె నోట్లో నీసు అనే మాట నాకు నిజంగా నీచం లాగానే వినిపించింది. మీ సార్‌కు కూడా ఇలాంటి గడప ఏదో తగిలే ఉంటుంది తమ్మీ, అందుకే ఆ వ్యుత్పత్తి ఆయనకు నిజమనిపించింది.

నాకు నొప్పి కలిగించే మాట నీసు కాదు, ‘శుద్ధ శాకాహారం’. హోటల్ బోర్డు మీద ‘ప్యూర్ వెజ్’ అని రాస్తే పక్కనున్న మెస్ ఏమైనట్టు? శాకాహారం అంటే చాలు. ముందు శుద్ధ ఎందుకు? 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో వందకు 98 మందికి పైగా మాంసాహారులే అని తేలింది. ఇంతమంది ఉన్న చోట ఆ బోర్డు ఎవరికి ఏమి చెబుతోంది? అలాగని ఈ 98 మందీ రోజూ తినేవాళ్లు కాదు. మా చిన్నప్పుడు పండగకో, చుట్టం వస్తేనో కూర. మిగతా రోజులన్నీ జొన్న రొట్టె, పుంటికూర, పచ్చిపులుసు, పల్లీల తొక్కు. మా అన్న బిడ్డ ఇప్పుడు తినేదీ అదే. దాన్ని శాకాహారం అని మేమెన్నడూ అనలేదు, ఉన్నది తిన్నాం.

*

కింద కామెంట్లలో అడిగినవాళ్లకు.

సూర్యాపేట అన్న “దేవుళ్లలోనే రెండు రకాలు లేరా?” అన్నాడు. చాలా మంచి మాట గుర్తుచేశావన్నా. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు జాతరలో లింగమంతుల స్వామికి నీసు లేని నైవేద్యం, చౌడమ్మకు యాట. ఒకే గుట్ట మీద ఇద్దరూ ఉంటారు, మొక్కేవాళ్లూ ఒకరే. స్వామిని బాపనోడయ్యాడని ఎవరూ అనరు, అమ్మవారిని తక్కువ అనరు. దేవుళ్ల విషయంలో ఇంత తేలిగ్గా ఒప్పుకున్నది ఇంటి పిల్ల విషయంలో ఎందుకు ఒప్పుకోలేమో ఆలోచించాలి.

మిర్యాలగూడ చెల్లె “గుడ్డు నీసా, కాదా? పాలు ఎందుకు కాదు?” అని అడిగింది. మా ఇంట్లో గుడ్డు నీసే, ఒక్కపొద్దు నాడు ముట్టం. పాలు కాదు. ప్యాకెట్ల మీద శాకాహారమా, మాంసాహారమా అని గుర్తు వేసే సర్కారు నియమాలు కూడా ఇలాగే గీత గీశాయి: గుడ్డు మాంసాహారం కిందికి వస్తుంది, పాలు రావు. పాలు, నెయ్యి, తేనె కూడా వద్దనేవాళ్లు వీగన్‌లు. ఇంగ్లండ్‌లో 1944లో పుట్టిన మాట అది. మన దేశంలో 2022లో వీగన్ ఆహారానికి వేరే నియమాలు, వేరే గుర్తు వచ్చాయి.

కల్వకుర్తి సార్ వీగన్‌కు తెలుగులో ‘సంపూర్ణ శాకాహారి’ అందామన్నారు. సార్, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, నాకు నచ్చలేదు. సంపూర్ణ అంటే మళ్లీ శుద్ధ లాంటిదే. పాలు తాగేవాళ్లు సగం మనుషులవుతారు. పైగా మా అమ్మ నోరు తిరగదు. వీగన్ అనే రాసుకుందాం, టీవీ అని రాసుకోవడం లేదా? లేదంటే ఇంట్లోవాళ్లు అనుకునే మాట పుట్టేదాకా ఆగుదాం.

ఎందుకంటే మా ఇంట్లో ఒకటి పుట్టింది. మొన్న మాఘంలో జడ్చర్ల దగ్గర చుట్టాల పెళ్లికి పోయాం. బంతిలో మా అమ్మ పక్కన ఆ పిల్ల కూర్చుంది. వడ్డించే పిలగాడు మటన్ బకెట్‌తో వచ్చాడు, పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది. “మొక్కున్నదా అక్కా?” అని వాడు పెరుగు గిన్నె అందుకున్నాడు. పిల్ల జవాబు చెప్పేలోపే మా అమ్మ అంది:

“అది గూడ వద్దు కొడుకా. మా పిల్ల జీవాలది ఏదీ ముట్టదు.”

మా దిక్కు గొర్రెల్నీ మేకల్నీ ‘జీవాలు’ అంటామని మీకందరికీ తెలుసు. యాభై ఏళ్లు వాటి వెనక నడిచిన మనిషి నోటి నుంచి వచ్చింది ఆ మాట. వాడు మళ్లీ ఏమీ అడగలేదు. లోపలికి పోయి పచ్చిపులుసు తెచ్చాడు.